కరువు పని



నేటి నా ప్రసంగమునకు విషయము మీ ఊళ్లలో నిత్యము వినబడు ఒక చిన్నమాట. వేసవి వచ్చి పొలము పనులు ముగిసిన పిదప, చెరువు పూడిక తీయుటకో, కాలువగట్టు వేయుటకో, సర్కారువారు పెట్టిన పనికి పోవు కూలివారిని నిలిపి ఎక్కడికని అడుగుడు. "కరువు పనికి" అని బదులు చెప్పుదురు. ఆ యేడు వానలు నిండుగా కురిసి యుండవచ్చును, గాదెలలో ధాన్యము నిండియుండవచ్చును. అయినను పని పేరు మాత్రము కరువు పనియే. కాగితములపై ప్రభుత్వమువారు ఎన్ని పేర్లు వ్రాసినను మన జనము ఈ పేరును విడువలేదు.

జనుల నోట నిలిచిన మాట ఊరక నిలువదు. దాని వెనుక ఒక చరిత్ర యుండును. ఈ మాట వెనుకనున్న చరిత్ర సుమారు నూట ఏబది సంవత్సరములది. పని దొరకక చేతులు ముడుచుకొని కూర్చున్న మనుష్యునికి సంఘము చేయవలసినదేమి? ఎంత ఇచ్చిన అతడు ప్రాణము నిలుపుకొనును? ప్రాణము నిలిచిన పిమ్మట అతడు మరల తన నాగలియొద్దకో, తన మగ్గమునొద్దకో చేరుటెట్లు? ఈ మూడు ప్రశ్నలకు ఆయా కాలములలో పాలకులు చెప్పిన సమాధానములే ఈ చరిత్ర. ఆ సమాధానములలో ఒకటి మన రాయలసీమ నేలమీద లక్షలాది ప్రాణములను బలిగొన్నది కనుక దానిని మనము ఎరిగియుండుట అవసరము.

మొదట మన దేశమునుండి కొంచెము దూరము పోవలెను. ఏలయనగా ఇచ్చట అధికారము చేసినవారు తమ ఆలోచనలను అచ్చటనే నేర్చుకొని వచ్చిరి. ఇంగ్లండులో 1601 సంవత్సరమున ఎలిజబెత్తు రాణి కాలమందు బీదలను గూర్చిన చట్టమొకటి స్థిరపడెను. ప్రతి గ్రామమండలమును తన పరిధిలోని బీదలను తానే పోషించుకొనవలెను. అందులకు ఆస్తిపరులనుండి పన్ను వసూలు చేయవలెను. శక్తి గలవానికి పని చూపవలెను, శక్తిలేనివానికి తిండి పెట్టవలెను. ఇది దాని సారము.

తరువాత 1795లో ఫ్రాన్సుతో యుద్ధము జరుగుచుండగా రొట్టెల ధర విపరీతముగా పెరిగెను. అపుడు బెర్కుషైరు జిల్లా న్యాయాధికారులు స్పీనుహామ్‌లాండు అను చోట కూడి ఒక లెక్క ఏర్పరచిరి. నియమిత పరిమాణముగల రొట్టె వెల ఒక షిల్లింగైనపుడు పాటుపడు పురుషునికి వారమునకు 3 షిల్లింగులు, అతని ఇంటిలోని ఒక్కొక్క మనిషికి ఒకటిన్నర షిల్లింగు దక్కవలెను. కూలి అంతకు తక్కువైనచో ఆ తక్కువను గ్రామనిధినుండి పూరించవలెను. రొట్టె ధర పెరిగినకొలది ఈ మొత్తమును పెరుగును. మనిషి బ్రతుకునకు ఇంత కావలెనని ధాన్యపు ధరతో ముడిపెట్టి లెక్కగట్టిన తొలి ఏర్పాటులలో ఇది యొకటి.

దయతో చేసిన పనియే, కాని అందులో ఒక లోపము దాగియుండెను. తక్కువను గ్రామనిధి పూరించునని తెలిసిన కొందరు భూస్వాములు కూలిని పెంచుట మానిరి. నిధిపై భారము పెరిగెను. పన్ను కట్టువారు మొరపెట్టిరి. ఆ మొరలను విని 1834లో పార్లమెంటు కఠినమైన క్రొత్త చట్టము చేసెను. సహాయము కోరినవాడు ఇల్లు విడిచి పనిశాలలో చేరవలెను; అచ్చట భార్య ఒకచోట, భర్త ఒకచోట, పిల్లలు మరియొకచోట ఉండవలెను. సహాయము పొందువాని స్థితి ఎన్నడును స్వయముగా పాటుపడు అతి బీద కూలివాని స్థితికన్న మెరుగుగా ఉండరాదని నియమము పెట్టిరి. సహాయమును చేదుగా చేసినచో నిజముగా గతిలేనివాడు మాత్రమే వచ్చునని వారి తర్కము. ఈ తర్కము ఓడనెక్కి మన దేశమునకును వచ్చెను.

ఇక మన సంగతికి వత్తము. మన దేశమున కరువులు క్రొత్తవి కావు. నందన సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమను చెరచిన కరువును పెద్దలు నందన కరువని చెప్పుదురు. ఆ జిల్లాలో లక్షకు మించిన జనము నశించిరి. ఆ దుఃఖము పిమ్మట కృష్ణా గోదావరుల నీటిని కట్టి పైరులకు మళ్లింపవలెనను ఆలోచన బలపడి, 1847లో కాటను దొరగారి పూనికతో ధవళేశ్వరము ఆనకట్ట పని ప్రారంభమయ్యెను. కోస్తా సీమకు ఆ మేలు కలిగెను గాని రాయలసీమకు అట్టి ఆధారము లేకపోయెను.

1876లో ధాత సంవత్సరము వచ్చెను. నైరుతి వానలును, వెనుకటి వానలును తప్పిపోయెను. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలలో మొలక ఎండెను. నా బాల్యమున మా ఊరి వృద్ధులు తమ పెద్దల నోట వినిన మాటగా "ధాత కరువు" అని చెప్పునపుడు గొంతు తగ్గించి చెప్పుట నాకు జ్ఞాపకము. ఆ కరువునుగూర్చి పెద్దవాడనైన పిదప చదివినపుడు నాకు అన్నిటికన్న ముందు తెలిసినదేమనగా, చాలచోట్ల ధాన్యము అంగడిలో ఉండెను. రైళ్లపై వచ్చుచుండెను కూడ. కొనుటకు కూలివానిచేత కాసు లేదు. పొలములో పని లేదు కనుక కూలి లేదు; కూలి లేదు కనుక కూడు లేదు. ధరలు రెట్టింపును దాటెను. రైతు పశువులనమ్మెను, వెనుక చెంబును తపేలను అమ్మెను. కొనువాడు లేనందున నేతగాడు నేసిన గుడ్డ ఇంటిలోనే పడియుండెను.

అప్పటి మదరాసు గవర్నరు బకింగుహాము ప్రభువు. ఆయన ప్రభుత్వము మొదట ఉదారముగానే పనులు ప్రారంభించెను. రోడ్లు వేయుట, కాలువలు త్రవ్వుట, కంకర కొట్టుట మొదలైన పనులకు లక్షలాది జనము వచ్చిరి. మదరాసు పట్టణములో అడయారు, కూవము నదులను కలుపు కాలువ భాగము 1877-78లో ఇట్టి కూలివారి చేతనే త్రవ్వబడెను. ఉప్పుకాలువ అని సముద్రతీరమున సాగు ఆ పొడుగైన కాలువకంతకును బకింగుహాము పేరు అప్పుడే స్థిరపడెను. ఇది మన కరువు పనులకు మొదటి గుర్తులలో ఒకటి.

ఇంత జనము పనికి వచ్చుట చూచి కలకత్తాలోని పెద్ద ప్రభుత్వమువారికి ఖర్చునుగూర్చి భయము పుట్టెను. లిట్టను ప్రభువు వైస్రాయి. ఆయన 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపులు అను దొరను తన ప్రతినిధిగా మదరాసునకు పంపెను. ఈ టెంపులు దొర కథ విచిత్రమైనది. మూడేండ్లకు ముందు, 1873-74లో, బీహారులో కరువు వచ్చినపుడు ఆయనయే సహాయపు పనికి నాయకుడు. బర్మానుండి లక్షలాది టన్నుల బియ్యము తెప్పించి పంచెను. ఆ కరువులో చచ్చినవారు బహుస్వల్పము. అందులకు ఆయనకు దక్కిన బహుమానము నింద. ధనమును దుబారా చేసెనని దొరతనమువారును, లండను పత్రికలును ఆయనను ఎత్తిపొడిచిరి. మదరాసునకు వచ్చునప్పటికి ఆయన మనసున ఆ నింద ముల్లువలె ఉండెననుకొనుటకు అవకాశము కలదు. ఎట్లయినను ఈ పర్యాయము పొదుపరియని అనిపించుకొనవలెనని వచ్చెను.

వచ్చి చేసినదేమి? కష్టపు పని చేయు పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యము వెల, దానిపై ఉప్పు పప్పులకు స్వల్ప నాణెము చాలునని నిర్ణయించెను. పౌననగా నేటి తూకమున సుమారు 450 గ్రాములు. అంతకు పూర్వము ఒకటిన్నర పౌను లెక్కపై ఇచ్చుచుండిరి. స్త్రీలకు, పిల్లలకు ఇంకను తక్కువ. ఊరి దాపుననున్న చిన్న పనులను మాన్పించి, దూరముగా పెద్ద పనులకు జనమును పంపవలెనని శాసించెను. దగ్గరనున్నచో అవసరము లేనివారును వత్తురట. దూరము నడువలేనివాడు నిజముగా ఆకలిగొన్నవాడు కాదట! పార లేపనెరిగినవారు ఈ లెక్కను ఒక్కసారి యోచింపుడు. ఎండలో మన్ను మోయు మనిషి కడుపునకు అది చాలునా?

చాలదని ధైర్యముగా చెప్పిన మనుష్యుడొకడు ప్రభుత్వములోనే ఉండెను. ఆయన మదరాసు ఆరోగ్యశాఖాధిపతి, డాక్టరు కార్నిషు. చెరసాలలో కష్టపు పని చేయు ఖైదీకిచ్చు తిండికన్న ఈ తిండి తక్కువయని ఆయన లెక్కవేసి చూపెను. ఒకటిన్నర పౌను ధాన్యము, దానితో పప్పును కూరయు లేనిదే పాటుపడు శరీరము నిలువదని వాదించెను. టెంపులు దొరకును ఆయనకును జరిగిన వ్రాతలు అచ్చుపడి నేటికిని ఉన్నవి. వానిని చదువునపుడు నాకు కలిగిన ఆశ్చర్యమేమనగా, ఆ ఇరువురు పండితులును ధాన్యమును, రసములను, మాంసకృత్తులను గూర్చి తర్కించుచున్నంత కాలము బళ్లారిలోను కర్నూలులోను ఆ ఒక పౌనుపైనే జనులు మన్ను మోయుచుండిరి. వారము వారము మనుషులు చిక్కిపోవుచుండిరని వైద్యులు వ్రాసిరి. కడపట మదరాసు ప్రభుత్వము 1877లో కూలిని మరల పెంచెను. అప్పటికే ఎందరో చేయి దాటిపోయిరి.

బొంబాయి రాజధానిలో ఈ కూలినే అమలుజరుపగా కూలివారు వేలకువేలు పనిని విడిచి లేచిపోయిరి. పూనా సార్వజనిక సభవారు వారి పక్షమున ప్రభుత్వమునకు అర్జీలు వ్రాసిరి. ఆకలితో ఉన్నవాడు కూలిని వద్దని లేచిపోవుట ఎంతటి మాటయో మీకు చెప్పనక్కరలేదు.

ఆ కరువు ముగియునప్పటికి బ్రిటిషు రాజ్యభాగములలో ఏబది లక్షలకు మించిన జనము నశించిరని లెక్కలు చెప్పుచున్నవి. కర్నూలు జిల్లా జనసంఖ్య 1871లో తొమ్మిది లక్షలకు పైగా నుండగా 1881 నాటికి ఏడు లక్షలకు లోపయ్యెను. పదియేండ్లలో పెరుగవలసిన జనము నాలుగింట ఒకవంతు తరిగిపోయెను. ఊళ్లకు ఊళ్లు పాడుదిబ్బలైనవని మన పెద్దలు చెప్పినది అతిశయోక్తి కాదు.

ఈ విషాదములో మనము గుర్తుంచుకొనదగిన మరియొక భాగము కలదు. దానిని సాధారణముగా చరిత్రకారులు రెండు వాక్యములలో దాటవేయుదురు. 1877 ఆగస్టులో మదరాసు పౌరులును గవర్నరును చేసిన విజ్ఞప్తిపై లండను నగరాధ్యక్షుడు చందా తెరచెను. అయిదు లక్షల పౌనులకు మించి ధనము వసూలయ్యెను. వానలు కురియగానే ఆ ధనములో పెద్దభాగము దేనికి వినియోగమయ్యెననుకొందురు? రైతునకు విత్తనములకు, ఎద్దులకు, పడిపోయిన ఇంటికప్పునకు. గంజికేంద్రములో ప్రాణము నిలిచిన రైతు వాన కురిసిన దినమున ఎద్దు లేక, విత్తు లేక ఊరకుండినచో మరుసటి యేడును గంజికేంద్రమునకే రావలెను గదా. ప్రాణము నిలుపుట ఒక పని, మనిషిని మరల తన పనిలో నిలుపుట వేరొక పని. మొదటిదానిని చేసి రెండవదానిని విడిచినచో మొదటిది వ్యర్థమగును.

నేతగాండ్ర విషయములోను ఇట్టి జ్ఞానమే ఉదయించెను. మెత్తని నూలుపోగును పట్టు వ్రేళ్లతో కంకర కొట్టించినచో ఆ చేతులు మొద్దుబారి, కరువు పోయిన పిదప మగ్గముపై పనికిరావు. కనుక వారికి నూలిచ్చి వారి మగ్గముపైననే గుడ్డ నేయించి కూలి యిచ్చు పద్ధతిని మదరాసు రాజధానిలో అనుసరించిరి. ఎవని వృత్తిలో వానికి పని చూపుట మంచిదను సూత్రము ఇందుండి తేలినది.

కరువు ముగిసిన పిదప స్ట్రేచీ దొర అధ్యక్షతన ఒక విచారణ సంఘము ఏర్పడి 1880లో తన నివేదిక నిచ్చెను. వాన తప్పినపుడు ముందుగా దెబ్బతినునది కూలివాని పని అని, పని కల్పించుట ప్రభుత్వపు విధి అని ఆ సంఘమువారు అంగీకరించిరి. దానిని ఆధారము చేసికొని 1883లో కరువు నిబంధనల గ్రంథము సిద్ధమయ్యెను. రాజధానులన్నియు తమతమ నిబంధనలను వ్రాసికొనెను. శక్తి గలవారికి పని, ముసలివారికి కుంటివారికి ఊరిలోనే ఉచిత సహాయము. ఆ జాబితాను వ్రాయుట గ్రామాధికారుల పని. మన మునసబు కరణముల చేతికి ఈ భారము వచ్చినది. ఎవని పేరు వ్రాయవలెను, ఎవని పేరు విడువవలెను అన్నది ఒక ప్రాణము పోక నిలుకడ మాటయని తెలిసి వ్రాసినవారును ఉండిరి, తెలియక వ్రాసినవారును ఉండిరి. రైతులకు తక్కావీ అప్పులిచ్చుటకై 1883లోను 1884లోను రెండు చట్టములు వచ్చినవి. విత్తనము, ఎద్దు, బావి మొదలైన వానికి ఈ అప్పు దొరకెడిది.

ఈ నిబంధనలవలన మేలు జరుగలేదని చెప్పుట అన్యాయము. కాని అందులో రెండు కొరతలు మిగిలినవి. మొదటిది, కరువని ప్రకటించినపుడే పని దొరకును. వేసవిలో ప్రతియేడు వచ్చు పనిలేమి కరువుగా లెక్కకు రాదు. రెండవది, ఆ పని దొరతనమువారి దయ. దొరకకున్న అడుగుటకు కూలివానికి ఆధారము లేదు. పని కొలతకు తక్కువైనచో దండన కూలి అని ఇంకను తగ్గించి ఇచ్చు నియమము కూడ ఉండెను. అనగా 1834 నాటి ఆ పాత తర్కము పూర్తిగా పోలేదు.

ఇదే కాలమున పరదేశములలో ఏమి జరిగెనో సంగ్రహముగా చెప్పెదను. ఫ్రాన్సులో 1848 ఫిబ్రవరిలో రాజును త్రోసివేసిన ప్రజాప్రభుత్వము పనిలేనివారికెల్ల పని చూపెదమని పారిసు నగరములో జాతీయ కర్మశాలలను తెరచెను. నాలుగు నెలలలో లక్షకు మించిన జనము పేర్లు వ్రాయించుకొనిరి. అంతమందికి తగిన పని ఏర్పాటు కాలేదు. ఖర్చునకు బెదరి జూనులో ప్రభుత్వము వానిని ఒక్కసారిగా మూసివేసెను. నాలుగు దినములు వీథులలో యుద్ధము జరిగి వేలాది జనము మడిసిరి. ముందు ఏర్పాటు లేక మాట ఇచ్చుట ఎంత ప్రమాదమో, ఇచ్చిన మాటను తటాలున తీసివేయుట అంతకు మించిన ప్రమాదము.

ఇంగ్లండులో క్రొత్త శతాబ్దము వచ్చునప్పటికి ఆలోచన మారసాగెను. పనిలేమి కూలివాని సోమరితనమువలన గాక వ్యాపారపు ఎగుడుదిగుడుల వలన కలుగునని గ్రహించిరి. 1909లో ఉద్యోగ వినిమయ కేంద్రముల చట్టము వచ్చి, 1910 ఫిబ్రవరినుండి ఆ కేంద్రములు తెరువబడెను. పని కోరువాడును, పనివాడు కావలసినవాడును అచ్చట కలియుదురు. 1911లో భీమా చట్టము వచ్చెను. కూలివాడు కొంత, యజమాని కొంత, ప్రభుత్వము కొంత వేసి కూడబెట్టిన నిధినుండి పనిలేని వారములలో 7 షిల్లింగులు, సంవత్సరమునకు 15 వారములకు మించకుండ, ఇచ్చుచుండిరి. తాను కట్టిన నిధి కనుక తీసికొనువాడు తలవంచుకొననక్కరలేదు. అయినను 1931లో పనిలేమి ప్రబలగా, ఇంటిలోని అందరి సంపాదనను, సామానును కూడ లెక్కించి గాని సహాయమీయరాదని నియమము పెట్టిరి. కొడుకు నాలుగు కాసులు తెచ్చిన తండ్రికి కోత. ఆ అవమానమును ఆ దేశపు కూలిజనము చాలకాలము మరువలేదు. 1948లో పాత బీదల చట్టమును పూర్తిగా రద్దుచేసిరి.

ఫ్రాన్సువారు 1988 డిసెంబరు 1వ తేదీ చట్టముతో మరియొక మార్గము త్రొక్కిరి. అప్పటి ప్రధాని మిషెల్ రొకారు. ఇరువదియైదేండ్లు నిండి, ఆదాయము లేనివానికి కనీసపు మొత్తమొకటి నెలనెల ఇత్తురు. దానితోపాటు ఒక ఒప్పందపత్రము. పుచ్చుకొనువాడు పని నేర్చుకొనుటకో, వెదకుటకో, ఆరోగ్యము బాగుచేసికొనుటకో పూనుకొందునని వ్రాయును. సంఘము అందులకు తోడ్పడుదునని వ్రాయును. డబ్బు ఒక చేత, మరల పనిలో చేరుటకు ఊతము ఒక చేత. ఆలోచన గొప్పది. ఆచరణలో డబ్బు చేరినంత సులభముగా ఆ ఊతము చేరలేదు. పుచ్చుకొనువారు పది లక్షలకు మించినపుడు వారిలో అనేకులకు ఆ ఒప్పందమే కుదరలేదు. 2009లో దాని స్థానమున వేరొక ఏర్పాటు వచ్చెను. ధాత కరువులో ఎద్దును విత్తనమును ఇచ్చినవారు ఎదుర్కొన్న కష్టమునే వారును ఎదుర్కొనిరని నాకు తోచును. కూడు పెట్టుట గంటలో పని; మనిషిని నిలబెట్టుట ఏండ్ల పని.

స్వతంత్రము వచ్చిన పిదప మన దేశమున ఈ చరిత్ర మహారాష్ట్రములో మలుపు తిరిగెను. 1972-73లో అచ్చట ఘోరమైన అనావృష్టి. లక్షలాది జనము రాళ్లు కొట్టు పనులకు వచ్చిరి. అంతకు పూర్వమే వి. స. పాగే అను పెద్దమనిషి పని అడిగినవానికెల్ల పని ఇచ్చు యోజనను చిన్న ప్రాంతములో పరీక్షించి చూచియుండెను. ఆ యోజనను రాష్ట్రమంతటను వ్యాపింపజేసి, 1977లో చట్టముగా చేసి, 1979 జనవరి 26నుండి అమలులో పెట్టిరి. అందులకై పట్టణములలోని జీతగాండ్రపై వృత్తిపన్ను వేసిరి. పట్టణమువాడు పల్లెలోని పనిలేనివానికొరకు పన్ను కట్టుట ఇందలి విశేషము. కరువని ప్రకటింపకున్నను అడిగినవానికి పని అన్నది అంతకన్న విశేషము.

దేశమంతటికి ఇట్టి చట్టము 2005లో వచ్చెను. దాని పేరు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము. 2009లో మహాత్మాగాంధిగారి పేరు దానికి చేర్చిరి. 2006 ఫిబ్రవరి 2వ తేదీన దానిని ప్రారంభించిన చోటు అనంతపురము జిల్లాలోని బండ్లపల్లి గ్రామము. పెద్దలారా, ఈ చోటును గమనింపుడు. అనంతపురము 1882వరకు బళ్లారి జిల్లాలోని భాగమే. టెంపులు దొర ఒక పౌను కూలి అమలుజరిగిన సీమలోనే, నూట ఇరువది తొమ్మిదేండ్లకు పిమ్మట, ఈ చట్టము మొదలయ్యెను.

రెండు శాసనములను ప్రక్కప్రక్కన పెట్టి చూతము. టెంపులు దొర పని దూరముగా ఉండవలెనని చెప్పెను. 2005 చట్టము ఊరికి 5 కిలోమీటర్లలోపల పని చూపవలెనని, మించినచో కూలికి పదింట ఒకవంతు అదనము ఇయ్యవలెనని వ్రాసెను.  2005 చట్టము పనిచోట త్రాగునీరు, నీడ, మందులపెట్టె, పసిపిల్లలను చూచుటకు ఒక మనిషి ఉండవలెనని వ్రాసెను. అప్పుడు పని దయ. 2005 చట్టములో కుటుంబమునకు సంవత్సరమునకు 100 దినములు హక్కుగా వ్రాసిరి. అడిగిన 15 దినములలో పని చూపనిచో నిరుద్యోగ భృతి, మొదటి 30 దినములకు కూలిలో నాలుగవవంతునకు తగ్గకుండ, పిదప సగమునకు తగ్గకుండ. పనివారిలో మూడవవంతు స్త్రీలు ఉండవలెనని వ్రాసిరి. ఇట్టివి వ్రాసినవారు ధాత కరువునాటి కాగితములను చదివి వ్రాసిరో లేదో నేను చెప్పజాలను గాని, ఆనాటి ఒక్కొక్క గాయమునకు ఒక్కొక్క కట్టు కట్టినట్లు ఆ చట్టము నాకు కనబడును.

కాగితముపైని హక్కు పొలములో ఎంతవరకు నడిచెనన్నది వేరుమాట. పని దొరకినచోటనే కూలి నెలలకొలది ఆలస్యమైన సంగతి మీరెరుగుదురు. భృతి పొందినవారు బహు తక్కువ. పనికి రానివారి పేర్లు హాజరుపట్టీలో ఎక్కుటయు కలదు. దీనిని అరికట్టుటకు ఆంధ్రప్రదేశములో సామాజిక తనిఖీ అను పద్ధతిని గట్టిగా నడపిరి. హాజరుపట్టీని ఊరి నడుమ సభలో బిగ్గరగా చదివి, "ఈ దినము నీవు పనికి వచ్చితివా? ఈ కూలి నీకు ముట్టినదా?" అని పేరు పేరున అడుగుట అందలి ముఖ్యాంశము. తినివేసిన సొమ్మును కొన్నిచోట్ల అట్లు కక్కించిరి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టమునకు బదులుగా వేరొక చట్టమును చేసి, దినముల సంఖ్యను 125గా వ్రాసెను. చట్టముల పేర్లు మారును, సంఖ్యలు మారును. జనుల నోట కరువు పని అన్న మాట మారునని నేననుకొనను.

ఇంత చరిత్ర చెప్పి నేను మీనుండి కోరునదేమి? మూడు చిన్న విషయములు. మీ ఊరిలో ఇట్టి పని నడచునపుడు కూలి లెక్కను మీరు మీ అంగడి ధరతో పోల్చి చూడుడు. ఆ కూలితో ఒక దినమునకు ఇంటిల్లిపాదికి బియ్యము, పప్పు, నూనె, కూర వచ్చునా? కార్నిషు డాక్టరు అడిగిన ప్రశ్న ఇదియే. దానిని అడుగుటకు డాక్టరు కానక్కరలేదు, సంత ఎరిగియున్న చాలును. రెండవది, పార పట్టలేని మనిషి ప్రతి ఊరిలోను ఉండును. ముసలి వితంతువు, కాలు విరిగినవాడు, బాలింతరాలు. పనియే పుచ్చుకొనుటకు వాకిలియైనచోట వీరు వాకిలి బయటనే మిగులుదురు. వెనుకటి మునసబు కరణములు వ్రాసిన జాబితా నేడు ఏ పేరుతోనున్నను, అది వ్రాయబడునపుడు మీరు అచ్చట కూర్చుండి వీరి పేర్లు చెప్పుడు. మూడవది, పనిచేసిన కూలివానికి పని ముగిసిన పిదప మిగిలినదేమో చూడుడు. త్రవ్విన కుంటలో నీరు నిలిచినదా? ఆ నీటితో ఒక్క ఎకరమైనను తడిసినదా? నేతగాడు మరల మగ్గమెక్కెనా? పట్టణమునకు పోయి తిరిగివచ్చిన పిల్లవానికి ఊరిలో చేయదగిన పని దొరకినదా?

సోమరులగుదురని భయపడువారు మీలోను కొందరుందురు. ఆ భయమును నేను తేలికగా త్రోసివేయను. 1795నాటి లోపమును మొదటనే చెప్పితిని. పని కాలమున పొలమునకు కూలివారు దొరకుటలేదని చిన్నరైతు పడు బాధయు నిజమైనదే. అందుచేత ఏ మాసమున ఈ పనులు పెట్టవలెను, ఏ మాసమున ఆపవలెనన్నది ఊరిలో రైతును కూలివాడును ఒకచోట కూర్చుండి మాటలాడుకొని తేల్చుకొనుట మంచిది. అయితే తిండిని తగ్గించి సోమరితనమును పోగొట్టుదమను ప్రయత్నము మన సీమలో ఒకసారి జరిగినది. దాని ఫలితము 1881 జనాభా లెక్కలలో అంకెలుగా నిలిచియున్నది. ఆ ఏడు లక్షలకు లోపైన అంకెను చూచినవాడు మరల ఆ ప్రయోగమును చేయుదమనడు.

మీ ఊరి సభలో హాజరుపట్టీ చదువుదినము వచ్చినపుడు తప్పక పోయి కూర్చుండుడు.